కుంటి మేక, కొండ ఉప్పు

పోయిన ఆదివారం మా వీధి చివర గ్రంథాలయంలో ఒక సభ జరిగింది. గ్రంథాలయమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకప్పటి రేషన్ షాపు గది, రెండు ఇనుప బీరువాలు, తిరిగినంతసేపూ కీచుమని ఏడ్చే ఒక ఫ్యాను, అంతే. మా వీధి తల్లులు పాతికమంది దాకా చాపల మీద కూర్చున్నారు. మాటలు సరిగా రాని పిల్లలకి మాటలు నేర్పే చదువు చదివిన అమ్మాయి ఒకతె వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో, జడ కూడా ఆరలేదు పాపం, తలంటుకుని పరిగెత్తుకొచ్చినట్టుంది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని కాబట్టి నన్ను ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఉక్కలో మెడ చుట్టూ ఒక శాలువా కూడా కప్పారు. ఆ అమ్మాయి తమిళంలో చక్కగా మాట్లాడింది. మాట తడబడే పిల్లలకి కథను మించిన మందు లేదని, రోజూ ఒకటే కథ చెప్పినా పరవాలేదని, కాకపోతే ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారో ఆ భాషలోనే చెప్పాలని అంది. వెనక వరసలో ఒక అవ్వ చెయ్యెత్తి, "అట్లయితే మా తెలుగులోనే సెప్పచ్చునా కన్నూ?" అని అడిగింది. ఆ అమ్మాయికి తెలుగు రాకపోయినా ప్రశ్న అర్థమైంది. "తారాళమా సొల్లుంగ పాట్టీ," అంది నవ్వుతూ, హాయిగా చెప్పుకోమని. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. తరవాత నన్ను నాలుగు ముక్కలు మాట్లాడమంటే గొంతు చూపించి, బాగాలేదని సైగ చేశాను. ముప్పై అయిదేళ్ళు బడి గోడలు అదిరేలా అరిచిన గొంతు అది. నమ్మినట్టే తలాడించి, జీలకర్ర నీళ్ళు కాచి తెచ్చి ఇచ్చారు. సిగ్గు లేకుండా గ్లాసు ఖాళీ చేశాను.

ఆ అమ్మాయి చెప్పిన మాట పదకొండేళ్ళ కిందటే నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అదృష్టం నాకు లేదు.

మేం కోయంబత్తూరు తెలుగువాళ్ళం. ఎన్ని వందల ఏళ్ళ కిందట వచ్చామో, ఎవరు వెంటబెట్టుకొచ్చారో మా వీధిలో ఎవరికీ తెలియదు. అడిగితే మా నాన్న "నడిసి వచ్చినాము, ఇంకెట్ల వస్తాము" అనేవాడు. ఈ ఊళ్ళో తెలుగు రెండు రకాలు. మిల్లు ఓనర్ల ఇళ్ళలోనూ తెలుగే, మా వీధిలోనూ తెలుగే. వాళ్ళ తెలుగు కారులో పోతుంది, మా తెలుగు తెల్లారగట్ల చీపురు భుజాన వేసుకుని నడిచిపోతుంది. రెండు ముక్కలు మాట్లాడితే చాలు, ఏ తెలుగో ఎదుటివాడికి తెలిసిపోతుంది. నా చిన్నప్పుడు టీ కొట్లో మా నాన్న కోసం విడిగా ఒక గ్లాసు పెట్టి ఉండేది, ఆయన తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి రావాలి. ఒకసారి నన్ను వెంట తీసుకుపోయినప్పుడు అది చూసి నేను గట్టిగా తెలుగులో "మనకి మాత్రం ఏల వేరే గ్లాసు నాయనా?" అని అడిగాను. ఆయన గ్లాసు కడిగి బోర్లించి, ఇంటికొచ్చాక "బయట ఈ మాట మాట్లాడొద్దు పాపా" అన్నాడు. గ్లాసు మాట కాదు, తెలుగు మాట. ఆ రోజునుంచి వీధి మలుపు దగ్గరికి రాగానే, గుడి ముందు చెప్పులు విడిచినట్టు, తెలుగు విడిచిపెట్టి తమిళంలోకి దిగేదాన్ని. వక్తృత్వ పోటీల్లో బహుమతులు కూడా వచ్చాయి. టీచర్నయ్యాను. మా వీధిలో మొదటి టీచర్ని. ఈ మాట రాస్తున్నప్పుడు ఇప్పటికీ కాస్త గర్వంగానే ఉంది, చూశారా, బుద్ధి రాలేదు.

మా అమ్మ చెల్లెలు, చిన్నమ్మ, నలభై ఏళ్ళు కార్పొరేషన్ రోడ్లూడ్చి రిటైరైంది. రిటైరయ్యాక కూడా చెయ్యి ఊరికే ఉండలేదు. కినత్తుకడవు నుంచి కొబ్బరి మట్టలు దింపే లారీ వాడొకడు ఆవిడకి తమ్ముడి వరస కలిపాడు. వాడు వారానికోసారి మట్టలు పడేసి పోతే, గడప దగ్గర మెట్టు మీద కూర్చుని కత్తితో ఈనెలు గీసి చీపుళ్ళు కట్టేది. "రోడ్లూడ్చింది చాలక మళ్ళీ చీపుళ్ళేనా సిన్నమ్మా?" అంటే, "ఆ చీపురు గవర్మెంటుది, ఇది నాది" అనేది. నన్ను ఏడిపించాలనుకున్నప్పుడు "టీచరమ్మా" అని, ముద్దొచ్చినప్పుడు "కన్నూ" అని పిలిచేది. ఆవిడ కొడుకు, నాకు తమ్ముడు, కూరగాయల మార్కెట్లో మూటలు మోసేవాడు. మరదలు ఒక ఆసుపత్రిలో గదులు తుడిచే పనికి పోయేది. ఇద్దరూ ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటేది. వాళ్ళకి ఒక్కతే కూతురు. అందుకని ఆ పిల్లకి అమ్మా నాన్నా బడీ అన్నీ చిన్నమ్మే.

ఆ పిల్లకి మాట రాలేదు. అంటే మూగ కాదు. చెవులు చూపించాం, చెవులు బంగారంలా ఉన్నాయన్నారు. చెప్పింది అర్థమయ్యేది. కత్తి తెమ్మంటే కత్తే తెచ్చేది. కానీ తను చెప్పవలసి వచ్చినప్పుడు ఒక మాట పక్కన ఇంకో మాట నిలబడేది కాదు. ఎనిమిదో ఏట నా మూడో తరగతిలోకి వచ్చింది. "పొద్దున ఏం తిన్నావు?" అంటే నా నోటికేసి చూసేది, పెదవులు కదిపేది, "అది... అది..." అని ఆగిపోయేది. కళ్ళలో మాత్రం ఆ ఇడ్లీ, ఆ పళ్ళెం, పక్కన కూర్చున్న పిల్లి అన్నీ కనిపించేవి. బడిలో పిల్లలు 'ఊమచ్చి', అంటే మూగది, అని పేరు పెట్టారు. నేను బెత్తం ఆడించి మాన్పించాను, నా ఎదుట మాత్రమే మానారు. మూడు దాటి నాలుగుకి పోతే పాఠాలు పెద్దవవుతాయి, ఈ పిల్ల వెనక బెంచీలో పడిపోతుంది, ఆ తరవాత బడే మానేస్తుంది. నా సర్వీసులో అలా ఎంతమందిని చూశానో. నా మేనకోడలు వాళ్ళలో చేరకూడదని నా పట్టుదల. పట్టుదల మంచిదేనంటారు. ఎవరన్నారో గానీ, ఆ పట్టుదల ఎవరి చేతిలో ఉందో చూసి అనవలసింది.

దీపం పెట్టాక చిన్నమ్మ కథ చెప్పేది. దీపం పెట్టకముందు ఎంత బతిమాలినా చెప్పేది కాదు, పగలు కథ చెబితే దోవన పోయేవాళ్ళు దోవ తప్పుతారట. "పాపం, ఎవురి మొగుడో, ఎవురి బిడ్డో, మన కత కోసరం వాళ్ళు తిరగల్నా?" అనేది. కథకి ఒక కట్టు ఉంది. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. మా చిన్నప్పుడు పదిమంది పిల్లల్లో ఎవరో ఒకరు ఊఁ కొట్టేవాళ్ళు గనక నేను తప్పించుకునేదాన్ని. ఇప్పుడు మెట్టు మీద ఆ పిల్ల ఒక్కతే. మాట రాని పిల్లకి కూడా ఊఁ వస్తుంది కదా. ఒక ఊఁకి ఒక ఈనె. చిన్నమ్మ గీసి పడేసేది, పిల్ల ఏరి కట్టలో పెట్టేది. ఆ ఊఁలలోనే ఎన్నో రకాలుండేవి. భయపడిన ఊఁ, "తరవాత?" అనే ఊఁ, "ఇది నాకు తెలుసులే" అనే ఊఁ, ఆవులింతతో కలిసిన ఊఁ. చిన్నమ్మ ఏ ఊఁకి తగ్గట్టు ఆ జవాబు చెప్పేది. చూసేవాళ్ళకి ఇద్దరూ సమంగా మాట్లాడుకుంటున్నట్టే ఉండేది.

ఎక్కువగా చెప్పింది కుంటి మేక కథ. ఒక ఊళ్ళో ఒక కుంటి మేక. దానికి పోసిన గంజిలో ఉప్పు లేదు. ఉప్పు అడగడానికి కొండకి బయలుదేరుతుంది. దోవలో చీమ అడుగుతుంది, ముళ్ళకంప అడుగుతుంది, దోవకి అడ్డంగా పారే వంక అడుగుతుంది, "యాడికి పోతుండావు మేకమ్మా?" అని. అందరికీ మేక ఒకటే జవాబు. "గెంజిలో ఉప్పు లేదు, కాల్లో సత్తువ లేదు, కొండకి పోతుండాను, అడ్డం రావద్దు." కొండలో ఉప్పెందుకుంటుంది, సముద్రంలో కదా ఉండేది అని చిన్నప్పుడు నేను అడ్డం తగిలితే, "నీ బుక్కులో సముద్రంలో ఉండనీ, నా కతలో కొండలోనే ఉండాది" అని నోరు మూయించింది. ఈ జవాబు వచ్చిన ప్రతిసారీ చిన్నమ్మ కత్తి ఆపి పిల్ల మొహంలోకి చూసేది. నువ్వే చెప్పు అన్నట్టు. తొందరపెట్టేది కాదు. ఒక్కోసారి పక్క ఇంట్లో కుక్కర్ మూడు కూతలు కూసేదాకా కూడా అలాగే కూర్చునేవాళ్ళు. మొదట ఊఁ మాత్రమే వచ్చేది. కొన్ని నెలలకి "ఉప్పు" వచ్చింది. ఆ తరవాత "ఉప్పు లేదు". దసరా సెలవుల్లో ఒక సాయంత్రం నేను పచ్చడి గిన్నె ఇవ్వడానికి పోయి మెట్టు కింద నిలబడి ఉండగా, ఆ పిల్ల చేతిలో ఈనెలు పట్టుకుని "గెంజిలో ఉప్పు లేదు... కొండకి పోతుండాను" అంది. రెండు మాటలు కాదు, అయిదు మాటలు, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని. చిన్నమ్మ నాకేసి చూసి ఏమీ తెలియనట్టు మళ్ళీ కత్తి తీసింది. నేనేమన్నానో తెలుసా? "పరీక్షలో మేక గురించి అడగరు సిన్నమ్మా," అన్నాను.

ఆ సంవత్సరమే ఒక పెద్ద ఆసుపత్రిలో మాటల డాక్టరు ఉందని తెలిసి ఆ పిల్లనీ చిన్నమ్మనీ తీసుకుపోయాను. తమ్ముడికీ మరదలికీ పని మానుకోవడం కుదరలేదు. బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్నాం. మా పక్కన పట్టుచీర కట్టుకున్న ఒకావిడ మనవణ్ణి తీసుకొచ్చింది. ఆ మనవడితో ఆవిడ మాట్లాడింది కారులో పోయే తెలుగు. చిన్నమ్మకి ప్రాణం లేచొచ్చింది. "మీరూ మనవాళ్ళేనా అమ్మణీ? బిడ్డకి ఏమాయె?" అని మా వీధి తెలుగులో, మా వీధి గొంతుతో పలకరించింది. ఆవిడ చిన్నమ్మని కాళ్ళ దగ్గరనుంచి తలదాకా ఒకసారి చూసి, బెంచీ మీదున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంతే. ఆవిడ మనసులో ఏముందో దేవుడికే తెలియాలి. నాకు మాత్రం బోర్లించిన గ్లాసు కనిపించింది. చిన్నమ్మ గమనించనట్టే పిల్ల జడ సవరిస్తూ కూర్చుంది. నలభై ఏళ్ళు రోడ్డు మీద బతికిన మనిషి, గమనించకుండా ఉంటుందా?

చిన్నమ్మని బయటే ఉండమని, పిల్లతో నేను లోపలికి పోయాను. ఆ డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. ఇంగ్లీషులో మొట్టమొదట అడిగిన ప్రశ్న, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని. "తమిళం," అన్నాను. ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు, నోట్లోంచి జారింది. యాభై ఏళ్ళు అలవాటైన నోరు. ఆవిడ ఫైల్లో రాసుకుంది. పిల్లని తమిళంలోనే పరీక్షించింది, బొమ్మలు చూపించింది, పిల్ల ఆవిడ నోటికేసి చూస్తూ కూర్చుంది. పిల్లతో ఎక్కువ గడిపేది ఎవరంటే అవ్వ అన్నాను. అవ్వ కథలు చెబుతుందా అంటే చెబుతుందన్నాను. డాక్టరమ్మ మొహం విప్పారింది. "అదే కావాలి. రోజూ, ఇంటి భాషలో, ఒకటే కథ. మధ్యలో ఆపి, పిల్ల చెప్పేదాకా ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండమనండి. నేను చేసేది కూడా అంతకన్నా ఎక్కువేం కాదు," అంది. మెట్టు మీద మా చిన్నమ్మ చేస్తున్నది సరిగ్గా అదే. ఆ క్షణంలో నోరు తెరిచి, తప్పు చెప్పానమ్మా, మా ఇంటి భాష తెలుగు అని ఉంటే సరిపోయేది. ఒక్క ముక్క. చదువుకున్న మనిషిని, ఇంటి భాష ఏదో తప్పు చెప్పానని ఎలా ఒప్పుకోను? ఒప్పుకోలేదు. ఇంగ్లీషులో థాంక్యూ చెప్పి బయటికొచ్చాను.

వరండాలో చిన్నమ్మ అడిగింది, "ఏమన్నాది డాక్టరమ్మ?" అని. కథలు చెప్పమంది అన్నాను. ఆవిడ మొహం చూడాలి మీరు! ఆ వెంటనే, "తమిళంలో చెప్పాలంట. ఇంట్లో ఇకమీద తెలుగు వద్దంట," అన్నాను. ఫైల్లో తమిళం అని ఉంది, మళ్ళీ వచ్చినప్పుడు తమిళంలోనే చూస్తారు, బడిలోనూ తమిళమే, ఎలాగూ పిల్ల బాగుకే కదా అని లోపల లెక్కలు కట్టుకున్నాను. కానీ ఆ చివరి మాట డాక్టరమ్మది కాదు, నాది. మా నాన్న నాకు చెప్పిన మాట, డాక్టరమ్మ నోట్లో పెట్టి మా చిన్నమ్మకి చెప్పాను.

"మన మాటేనా బిడ్డకి అడ్డమాయె?" అంది చిన్నమ్మ.

"అవును సిన్నమ్మా."

"నాకేమి తెలుసు కన్నూ, సదివినదానివి నువ్వు సెప్తే సరి," అంది. బస్సులో ఇంటిదాకా ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏ మాట తప్పో ఏ మాట ఒప్పో తెలియక కాబోలు, కిటికీలోంచి అదీ ఇదీ వేలితో చూపించి ఊరుకుంది.

చిన్నమ్మకి తమిళం రాక కాదు. మేస్త్రీతో పోట్లాడటానికి, మార్కెట్లో బేరం ఆడటానికి, యూనియన్ మీటింగులో కేకలు వెయ్యడానికి కావలసినంత తమిళం ఉంది. కథ మాత్రం ఆవిడకి ఆ భాషలో లేదు. ఆ సాయంత్రం దీపం పెట్టి, మెట్టు మీద కూర్చుని, "ఒరు ఊర్లె ఒరు నొండి ఆడు," అని కుంటి మేక కథే తమిళంలో మొదలుపెట్టింది. నేను కూడా పక్కనే కూర్చున్నాను, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారిలాగ. పిల్ల అవ్వ మొహంలోకి అదోలా చూసింది, అవ్వ గొంతులోంచి ఎవరో కొత్త మనిషి మాట్లాడినట్టు. ఊఁ అనలేదు. చిన్నమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. మేక, ఊరు, గంజి. ఊఁ లేదు. మేస్త్రీతో పోట్లాడే భాషలో మేక ఎంత దూరం నడుస్తుంది? ఊఁ లేనిదే కథ నడవదు, అది కట్టు. మూడోసారి కూడా ఊఁ రాకపోయేసరికి చిన్నమ్మ ఊరుకుంది. తరవాత పదిహేను రోజులు తంటాలు పడింది పాపం, పక్కింటి కుర్రదాన్ని పిలిచి ముళ్ళకంపకి తమిళంలో ఏమంటారు, సత్తువకి ఏమంటారు అని అడిగి నేర్చుకుంది. ఆపైన మానేసింది. ఆవిడ బుర్రలో ఇంకో మాట పడిపోయింది. బిడ్డకి మాట రాకపోవడానికి కారణం ఇన్నాళ్ళూ తన నోరేనని. "ఎనిమిదేండ్లు నేనే కదా కూసినాను దాని సెవిలో," అంది మరదలితో. పిల్ల ఎదుట తెలుగు జారిపోతుందేమోనని మాట్లాడటమే తగ్గించుకుంది. దీపం పెట్టాక పిల్ల అలవాటు ప్రకారం వచ్చి ఈనెల పక్కన కూర్చుని, కథ మొదలుపెట్టమని "ఊఁ" అనేది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపేది. నేను కళ్ళారా చూశాను. పిల్ల కొన్నాళ్ళు అడిగింది. తరవాత ఊఁ కూడా మానేసింది. అయిదు మాటల వాక్యం ముందే పోయింది, తరవాత "ఉప్పు" పోయింది.

అప్పుడైనా చెప్పవలసింది. చెబుదామనే అనుకున్నాను. టీచర్ల కాలం పరీక్షల మీద నడుస్తుంది. హాఫ్ ఇయర్లీ అయ్యాక చెబుదామనుకున్నాను, యాన్యువల్ అయ్యాక అనుకున్నాను, తరవాత నాకు హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషన్ వచ్చింది, ఆ హడావిడి తగ్గాక అనుకున్నాను. రెండోసారి ఆసుపత్రికి పోయినప్పుడు కథలు చెబుతున్నారా అని డాక్టరమ్మ అడిగితే చెబుతున్నామన్నాను. ఆవిడ పాత కాగితాలు, కొత్త కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, "ఇలా వెనక్కి పోకూడదే," అని చాలాసేపు చూసింది. తప్పు తనదేనేమో అన్నట్టు చూసింది. ఆ చూపుకి కూడా నాకు నోరు రాలేదు. ఇన్నేళ్ళూ పిల్లలకి నిజం చెప్పమని పాఠాలు చెప్పి, వాళ్ళ అరచేతుల మీద బెత్తం ఆడించిన మనిషిని! చెప్పేవన్నీ శ్రీరంగ నీతులే.

రెండేళ్ళు పోయాక, చిన్నమ్మకి ఒక పొద్దున చెంబు చేతిలోంచి జారింది. పక్షవాతం. కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక, పదేళ్ళ ఆ పిల్ల మూలనున్న కత్తీ ఒక కొబ్బరి ఆకూ తెచ్చి అవ్వ కుడి చేతిలో పెట్టింది. కత్తి నిలవలేదు. పిల్ల మళ్ళీ వేళ్ళు ముడిచి పట్టించింది. మళ్ళీ జారింది. మూడోసారి నేనే తీసేశాను, తెగుతుందేమోనని. ఆ రోజు మరదలు నీళ్ళకి పోయినప్పుడు మంచం పక్కన నేలమీద కూర్చుని చిన్నమ్మకి అంతా చెప్పేశాను. డాక్టరు తెలుగు వద్దనలేదని, నేనన్నానని, నీ నోట్లో ఏ దోషం లేదని, నువ్వు చేసిందే వైద్యమని. వెక్కి వెక్కి ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆవిడ జవాబు చెప్పలేని స్థితికొచ్చాక నాకు నోరొచ్చింది. చిన్నమ్మ కళ్ళు తెరిచి పైకప్పుకేసి చూస్తూ విన్నది. చాలాసేపటికి ఎడమ చెయ్యి ఎత్తి నా తల మీద పెట్టింది. క్షమించిందో, ఇక చాలు ఊరుకోమందో తెలియలేదు. తరవాత ఆ చేతినే పెదవుల దగ్గరికి తీసుకుపోయి, పిల్ల కూర్చున్న మూలకేసి చూపించింది. ఏదో చెప్పాలని గొంతులో చాలా కష్టపడింది. రాలేదు. నాలుగు నెలల తరవాత పోయింది.

నేను రిటైరయ్యాక యాభై ఎనిమిదో ఏట తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. ఆంధ్రానుంచి ఒకరి చేత పుస్తకాలు తెప్పించుకుని, మనవరాలి వయసు పిల్లలతో కూర్చుని అ ఆలు నేర్చుకున్నాను. వీధిలో నవ్వారు. ముసలితనంలో భాషాభిమానం అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. నాకు కావలసింది ఆ మేక. ఎక్కడో ఏదో పిల్లల పుస్తకంలో ఆ కథ ఉంటుందని ఆశ. కొండ దాకా నాకు జ్ఞాపకం ఉంది. మేక కొండ కిందికి చేరి ఉప్పు అడుగుతుంది. కొండ అంటుంది, "ఉప్పు ఇస్తాను గానీ, బదులు నాకేమిస్తావు మేకమ్మా?" అని. మేక ఏమిచ్చిందో నాకు జ్ఞాపకం లేదు. చిన్నప్పుడు ఊఁ కొట్టకుండా తప్పించుకున్న ఫలం. తమ్ముణ్ణి అడిగాను, వాడు ఎప్పుడూ కొండ దాకా రాకుండానే నిద్రపోయేవాడట. మదురైలో ఉన్న చిన్నమ్మ చెల్లెలి దగ్గరికి, దిండిగల్‌లో మా అమ్మ వైపు ముసలివాళ్ళ దగ్గరికి బస్సులెక్కి పోయి అడిగాను. ఒకావిడ మేక కాదు, ఆవు అంది. ఇంకొకావిడ జ్ఞాపకం రాక ఏడ్చింది. పుస్తకాల్లో నక్కలున్నాయి, రాజులున్నారు, మర్యాద గల తెలుగు మాట్లాడే కాకులున్నాయి. మా మేక లేదు. మా వీధి తెలుగులో పుట్టిన మేక, అచ్చులోకి ఎవరు రానిస్తారు? కంచికి పోవలసిన కథ కొండ కిందే నిలబడిపోయింది.

ఆ పిల్లకి ఇప్పుడు పందొమ్మిది. నేను భయపడినట్టే ఆరో తరగతిలో బడి మానేసింది. కినత్తుకడవు దగ్గర కొబ్బరి పీచు కంపెనీలో పనిచేస్తుంది, వారమంతా అక్కడే షెడ్డు పక్క గదిలో ఉండి ఆదివారం ఉక్కడం బస్టాండులో దిగి ఇంటికొస్తుంది. అక్కడ మేస్త్రీకి ఈ పిల్లంటే ఇష్టమట, ఎదురు మాట్లాడదని. మొన్న బొటనవేలు మిషన్‌లో నలిగితే ఎలా నలిగిందో చెప్పడానికి రాక, రెండు రోజులు గుడ్డ చుట్టుకుని పనిచేసిందట. తన దగ్గర ఇప్పుడు మూడు మాటలే ఉన్నాయి, "శరి", "వేండా", "పోతా". సరే, వద్దు, వెళతాను. ఆ మూడింటితో కూడా బతికేస్తారు మనుషులు, నేను రోజూ చూస్తున్నాను.

పోయిన ఆదివారం సభ అయిపోయాక, శాలువా చంకలో పెట్టుకుని తిన్నగా తమ్ముడి ఇంటికి పోయాను. మధ్యాహ్నం మూడు గంటలు. ఆ పిల్ల మెట్టు మీద కూర్చుని, గుడ్డ చుట్టిన బొటనవేలితోనే ఈనెలు గీస్తోంది. ఆ పని మాత్రం అవ్వ చేతిలోంచి చక్కగా దిగింది. నేను పక్కన కూర్చున్నాను. పగలు కథ చెబితే దోవన పోయేవాళ్ళు దోవ తప్పుతారంటారు. తప్పవలసినవాళ్ళం ఎప్పుడో తప్పాం. "ఒక ఊళ్ళో ఒక కుంటి మేక," అన్నాను, మా వీధి తెలుగులో, వీధిలో పోయేవాళ్ళకి కూడా వినబడేలాగ. నా గొంతు నాకే వింతగా ఉంది. పిల్ల తల ఎత్తలేదు. ఊఁ లేదు. అయినా ఆపలేదు, కట్టు తప్పి చెప్పుకుపోయాను. చీమ అడిగింది, ముళ్ళకంప అడిగింది, వంక అడిగింది. జవాబు వచ్చినప్పుడల్లా ఆగి చూశాను, చిన్నమ్మలాగ. ఏమీ రాలేదు. నేనే చెప్పుకున్నాను. మేక కొండ కిందికి చేరింది. "ఉప్పు ఇస్తాను గానీ, బదులు నాకేమిస్తావు మేకమ్మా?" అంది కొండ.

కత్తి ఆగింది. పిల్ల తల ఎత్తి నా నోటికేసి చూసింది. "ఊఁ," అంది.

"తరవాత?" అనే ఊఁ అది. పదేళ్ళ తరవాత కూడా గుర్తుపట్టాను. ఆ పిల్లకి ఆ జవాబు తెలిసే ఉంటుంది, వందసార్లు విన్నది, చెప్పడానికి మాట లేదు. నాకు మూడు భాషల్లో మాటలున్నాయి, జవాబు లేదు. ఏదో ఒకటి కల్పించి చెబుదామా అనుకున్నాను. ఆ కళ్ళు చూసి అబద్ధం నోట్లోంచి రాలేదు. ఆసుపత్రిలో ఆ రోజు కూడా రాకపోయి ఉంటే ఎంత బాగుండేది! పిల్ల చాలాసేపు కనిపెట్టుకుని ఉంది, అవ్వ నేర్పిన ఓపికతో. పక్క ఇంట్లో కుక్కర్ కూసింది. "నాకు తెలియదు కన్నూ," అన్నాను. పిల్ల ఈనెలు కట్టగట్టి మూల పెట్టి, సంచీ తీసుకుని, "పోతా," అని బస్సుకి బయలుదేరింది.

పోయిన కాలం తిరిగి రాదని ముప్పై అయిదేళ్ళు పిల్లల చేత బోర్డు మీద రాయించాను. రాకపోతే బాగానే ఉండేది. అది మెట్టు మీదే కూర్చుని, మన నోటికేసి చూస్తూ, ఊఁ అంటుందని నాకెవరూ చెప్పలేదు.